ఎర్ర పోగుతో కట్టిన జవాబులు

మొన్న ఆదోని పోస్టాఫీసులో ఒక పార్సిలు పంపడానికి పోయి బెంచీ మీద కూర్చున్నాను. నా ముందరున్న పెద్దమనిషి ఏవో కోర్టు కాగితాలు ఇన్సూరు చేయిస్తున్నాడు. లోపలి గుమాస్తా కొవ్వొత్తి ముట్టించి, ఎర్ర లక్క కడ్డీని మంటకు పట్టి, గుడ్డసంచి కుట్ల మీద బొట్లు బొట్లుగా రాల్చి, దాని మీద ఇత్తడి ముద్ర ఒత్తినాడు. ఈ కాలంలో కూడా లక్క వాడుతున్నారే అని పక్కనున్న ఆమె ముచ్చటపడింది. నాకు మాత్రం ఆ కాలిన లక్క వాసన ముక్కుకు తగిలినప్పటి నుంచి ఒళ్ళంతా భగ్గుమంటా ఉండింది. పార్సిలు పంపకుండానే ఇంటికి వచ్చేసినాను.

ఎనభై దాటినదానికి ఇంకా ఈ మంటలేందమ్మా అని మా కోడలు అంటుంది. అననీ. వయసు మళ్ళితే మనిషి మెత్తబడుతుందని చెప్పేవాళ్ళే అందరూ. నా మోకాళ్ళు మెత్తబడినాయి, పండ్లు ఊడినాయి, చూపు మందగించింది, పగ మాత్రం పుట్టిన్నాడు ఎట్లుందో అట్లే ఉంది. అది పుట్టింది నా పదకొండో ఏట, ఇదే ఆదోనిలో, ఇదే లక్క వాసన మధ్య. ఎవరి మీద, ఎందుకు అనేది తెలియాలంటే ముందు మా వీధిని చూపించాల.

మాది ఎమ్మిగనూరు, నేసేవాళ్ళ వీధి. పొద్దు పొడవక ముందే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగులు సాగదీసి గుంజలకు కట్టేవాళ్ళు. ఆడవాళ్ళు గంజి పూస్తా, మగవాళ్ళు రెండు పక్కలా నిలబడి పొడుగాటి కుంచెలతో దువ్వుతా, ఎండ ఎక్కేలోపల ముగించాల, లేకుంటే పోగులు పెళుసెక్కి పుటుక్కుమంటాయి. ఆ పుల్లటి గంజి వాసన, దానికి తోడు రంగుల బానల దగ్గర నుంచి వచ్చే ఘాటు, పొయ్యిల మీద కాలుతున్న జొన్నరొట్టెల కమ్మదనం, అన్నీ కలిసి మా ఉదయం అయ్యేది. పొద్దెక్కినాక పడుగులు చుట్టేసి లోపలికి పోతే, ఇక సాయంత్రం దాకా ఇంటింటా గుంత మగ్గాల చప్పుడే. బడి నుంచి వచ్చిన పిల్లలం రాట్నాల ముందర కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. ఇన్ని కండెలు చుడితేనే ఆటకు పోనిస్తామని అవ్వ గంప ముందర పెట్టేది, నేనేమో దొంగచాటుగా సగం మా అన్న గంపలోకి తోసేసి అచ్చనగండ్లు ఆడను పరిగెత్తేదాన్ని.

వానాకాలం మా దిక్కున వచ్చినట్టే వచ్చి పోతుంది. కానీ వచ్చిన నాలుగు రోజులూ పండగే, మగ్గం గుంతల్లోకి నీళ్ళు ఊరి పని ఆగిపోయేది, పెద్దవాళ్ళు తలలు పట్టుకుంటే పిల్లలకు చెనిక్కాయలు కాల్చుకుని తినడానికి తీరిక దొరికేది. చలికాలంలో జాతర. రథం కదిలే రోజున మా నాయన తాను నేసిన కొత్త పంచె కట్టుకుని, నన్ను భుజం మీద ఎక్కించుకుని, బొరుగులూ మిఠాయీ కొనిచ్చి, ఇంటికి వచ్చేటప్పటికి నా చేతి జిగురంతా ఆ పంచెకే పూయించుకునేవాడు. పీర్ల పండగకు దూదేకులవాళ్ళ ఇంటి నుంచి చక్కెర పానకం చెంబుతో వచ్చేది. బొరుగులతో ఉగ్గాని చేసిన రోజు ఇంట్లో కొట్లాట ఖాయం, మిరపకాయ బజ్జీలు ఎన్ని చేసినా చాలేవి కావు, అవ్వ తన వంతు ఎప్పుడూ తినకుండా కొంగులో దాచి మా అన్నకు పెట్టేది. దానికి కూడా నాకు కోపమే అనుకోండి.

మా అన్న పేరు ఈరన్న. నాకంటే మూడేండ్లు పెద్ద. కోపం నాకు ఎంత ఉందో వానికి అంత లేదు, దేవుడు మా ఇద్దరి వంతూ నాకే ఇచ్చినట్టుంది. మగ్గం మీద పోగు తెగితే వెంటనే అతకాల గదా, అందుకని వాని అంగీ జేబులో ఎప్పుడూ నాలుగైదు రంగుల పోగులు చుట్టి ఉండేవి. గాలిపటం తోక ఊడినా, బడిలో పుస్తకం కుట్లు విడినా, నా పావడ నాడా తెగినా వాని దగ్గరికే. రెండు వేళ్ళ మధ్య ఏదో తిప్పినట్టుండేది, ముడి పడిపోయేది. కోసినా రాదు. లెక్కలు కూడా అట్లే చేసేవాడు, పడుగుకు ఇన్ని పోగులు, గజానికి ఇంత నూలు అని మా నాయన నోటితో చెబుతా ఉంటే వీడు మనసులోనే కట్టి చెప్పేవాడు. వానికి అయివారు కావాలని ఆశ. మా పక్క బడిపంతుల్ని అయివారు అంటాము. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష గట్టెక్కితే ట్రైనింగుకు పోవచ్చు, ట్రైనింగయితే ఏదో ఒక పల్లెలో బడి దొరుకుతుంది, గుంతలో కాళ్ళు పెట్టుకుని నడుము వంచే బతుకు తప్పుతుంది. మా ఇంట్లో ఆ ఒక్క ఆశ చుట్టూనే అందరూ తిరిగేవాళ్ళు.

ఇప్పుడు ఆయన దగ్గరికి వస్తాను. మా బడి హెడ్మాస్టరును పెద్దయివారు అనేవాళ్ళం. పేరు రాయను, ఆయన పిల్లలూ పిల్లల పిల్లలూ ఈ ఊర్లల్లోనే ఉన్నారు. తెల్లటి పంచె, నల్లకోటు, నశ్యం డబ్బా, గాలికి కూడా చెదరని నున్నటి జుట్టు. ఆయన బల్ల వెనక గోడకు ఒక పలక తగిలించి ఉండేది, దాని మీద ఏ ఏటికి ఆ ఏడు పబ్లిక్ పరీక్షకు ఎంతమంది పోయినారు, ఎంతమంది పాసయినారు అని సున్నంతో రాసేవాడు. ఎప్పుడు చూసినా నూటికి నూరు. అదెట్లా సాధ్యమంటే, పరీక్షకు ముందు ఆయన తన సొంతానికి ఇంకొక పరీక్ష పెట్టేవాడు, సెలెక్షన్ అనేవాళ్ళు. అందులో కొంచెం అనుమానంగా తోచినవాణ్ణి అసలు పరీక్షకే పంపడు. పోనివాడు ఎట్లా ఫెయిలవుతాడు? పలక మీద నూరు అట్లే ఉంటుంది, పిల్లవాడు మగ్గం గుంతలో ఉంటాడు. మా వీధి నుంచి ఆయన చేతి మీదుగా పరీక్షకు పోయినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు.

ఈరన్నను కూడా ఆపేసినాడు. లెక్కల్లో మొదటివాడు, తెలుగులో కాస్త వెనక. "నేతపని చేతినిండా ఉండగా సర్టిఫికెట్టు ఏం చేసుకుంటాడప్పా" అన్నాడంట మా నాయనతో. మా నాయన మెతక మనిషి, మామూలుగా అయితే దండం పెట్టి వచ్చేసేవాడే. కానీ ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరు బడి చూడ్డానికి వచ్చినాడు. మా నాయన ఎట్లా తెగించినాడో ఇప్పటికీ నాకు తెలియదు, మగ్గం దగ్గర నుంచి లేచి అట్లే, చేతులకు రంగు కూడా కడుక్కోకుండా, ఇన్‌స్పెక్టరు ముందర పోయి నిలబడినాడు. మా వాణ్ణి మీరే ఒక లెక్క అడగండి సామీ అన్నాడు. ఆయన ఒకటి కాదు, నాలుగు అడిగినాడు. ఈరన్న పలక ముట్టుకోకుండా నాలుగూ చెప్పినాడు. ఇన్‌స్పెక్టరు పెద్దయివారి వైపు తిరిగి, వీణ్ణి పంపకుంటే ఇంకెవర్ని పంపుతారయ్యా అని అందరి ముందరా అడిగినాడు. పెద్దయివారి మొకంలో నెత్తురు చుక్క లేదు. ఆ పొద్దు మేము గెలిచినామని మా వీధంతా సంబరపడింది.

మా నాయనకు ఆ పరీక్ష మీద దేవుని మీదున్నంత నమ్మకం. మామూలు పరీక్షలు అయివారు మొకం చూసి మార్కులు వేసేవి, ఎవరి కొడుకు, ఏ వీధి, పండక్కి ఏం పంపినారు, అన్నీ చూసుకుని. ఈ పబ్లిక్ పరీక్షలో పేరు రాయకూడదు. నంబరే. మద్దికెర పిల్లవాడికీ మచిలీపట్నం పిల్లవాడికీ ఒకటే ప్రశ్నలు, దిద్దేవాడు యాడనో ఉంటాడు, వానికి నీ ఇల్లూ తెలియదు, కులమూ తెలియదు. "మన మొకం సూడకుండా మార్కులేస్తారంట సూడు, అదీ న్యాయమంటే" అని మా నాయన మగ్గం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకందరికీ చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

పరీక్ష సెంటరు ఆదోనిలో. ఎండలు ముదిరిన రోజులు. నాయన, అన్న, నేను సర్వీసు బస్సులో పోయినాము, నన్ను తీసుకుపోయేది లేదంటే బస్సు చక్రం కింద పడుకుంటానని బెదిరించినందుకు నాక్కూడా చోటు దొరికింది. అవ్వ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగు పోసి కలిపిన అన్నం మూట కట్టి ఇచ్చింది. ఆదోని చూడ్డం నాకు అదే మొదలు. జిన్నింగు మిల్లుల పొగగొట్టాలు, సందుల్లో ఆగిన పత్తి బండ్లు, గాలిలో ఎక్కడ చూసినా తేలుతున్న దూది పింజెలు, అవి జనం తలల మీదా మీసాల మీదా పడి ఊరంతా ముసలివాళ్ళే ఉన్నట్టు కనబడింది. రైలు కూత వినబడినప్పుడల్లా నేను పరిగెత్తేదాన్ని, మా నాయన జుట్టు పట్టుకుని వెనక్కి లాగేవాడు. సత్రంలో ఒక మూల దిగినాము. ఈరన్న మాత్రం ఊరేమీ చూడలేదు, పుస్తకం చూడలేదు, కళ్ళు మూసుకుని పెదవులు కదిలిస్తా కూర్చున్నాడు.

మొదటి రోజు తెలుగు. వ్యాసం రాయమని ఇచ్చింది ఏందనుకున్నారు, సముద్రతీరంలో ఒక సాయంకాలం. మా వీధిలో సముద్రం చూసినవాడు ఒక్కడు లేడు, మా ఊర్లో కూడా ఉన్నారో లేదో. ప్రశ్న రాసిన మహానుభావుడు కోస్తాలో ఏ గాలి తగిలే వరండాలోనో కూర్చుని రాసి ఉంటాడు, తుంగభద్రకు వరద వస్తే చాలు అదే పెద్ద వింతగా బండ్లు కట్టుకుని పోయి చూసే జనం ఉన్నారని ఆయనకు ఎవరు చెప్పాల? అందరికీ ఒకటే ప్రశ్న అంటే న్యాయమే, కానీ ఆ ఒక్కటీ ఎవరి ఇంటి ముందరిదో కూడా చూడాల గదా. ఈరన్న తుంగభద్ర వరదనే తీసుకుని, అవతలి గట్టు కనపడకుండా చేసి, నీళ్ళలో ఉప్పు కలిపి రాసినానని బయటికి వచ్చి చెప్పినాడు. మా నాయన నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు.

ఆఖరి రోజు లెక్కలు. నేను కాంపౌండు గోడ పక్కన వేపచెట్టు నీడలో కూర్చున్నాను, నాయన బయట బీడీ కాలుస్తున్నాడు. ఆఖరి గంట కొట్టినాక ఈరన్న బయటికి వచ్చినాడు, మొకం వెలిగిపోతా ఉండింది. అన్ని లెక్కలూ చేసినాడంట, ఎక్కువ కాగితాలు కూడా అడిగి తీసుకున్నాడంట. కాగితాలు కట్టను ఇచ్చిన తెల్లదారం పుచ్చిపోయి ఉండిందంట, లాగితే రెండుసార్లు తెగిపోయింది. ఇంకో దారం అడుగుదామంటే గదిలో అయివారు కసురుకుంటున్నాడు. నేసేవాని చెయ్యి పుచ్చిన దారాన్ని ఊరికే వదిలేస్తుందా? జేబులో ఉన్న ఎర్ర పోగు తీసి, రెండు పేటలు మెలిపెట్టి, గట్టిగా ముడి వేసి ఇచ్చినాడంట. "నా కాగితాలు యాడికీ జారిపోవు నాయనా" అన్నాడు. మా నాయన వాని తల నిమిరినాడు.

జవాబు కాగితాలు వరండాలో ఒక పెద్ద బల్ల మీదికి తెస్తున్నారు. ఏ బడి పిల్లలున్న గదిలోకి ఆ బడి అయివారిని పంపేవాళ్ళు కాదు గానీ, కాగితాలు లెక్కపెట్టి కట్టలు కట్టే బల్ల దగ్గర మాత్రం మా పెద్దయివారు కూర్చున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తాన్నాను. నంబరు చూసి ఒక్కొక్కటే లెక్కపెడుతున్న పెద్దయివారు ఒకచోట ఆగినాడు. ఆ కట్టను పైకెత్తినాడు. ఎర్ర ముడిని వేలితో అటూ ఇటూ తిప్పినాడు. తలెత్తి, ఆవరణలో మా నాయన పక్కన నిలబడిన ఈరన్నను చూసినాడు. చాలాసేపు చూసినాడు. ఆయన ముందర తెల్లదారం ఉండ ఉంది, కత్తెర ఉంది. చిన్న చీటీ తీసి ఏదో రాసి ఆ కాగితాల్లో పెట్టి, కట్టలో కలిపి, గుడ్డ చుట్టించి కుట్టించినాడు. పక్కన ప్యూను లక్క కరిగించి ముద్రలు వేసినాడు. ఆ వాసన వరండా అంతా కమ్ముకుంది. నేను ఎంత పిచ్చిదాన్నంటే, పరిగెత్తిపోయి, పెద్దయివారు నీ ముడిని చూసి ముచ్చటపడినాడని మా అన్నకు చెప్పినాను.

నంబర్ల పట్టీ వచ్చినప్పుడు ఈరన్న నంబరు లేదు. బడి గోడకు అంటించిన ఆ కాగితం ముందర వాడు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి ఎన్నిసార్లు చూసినాడో. తర్వాత తెలిసింది, జవాబులకు గుర్తు పెట్టినాడంట, దిద్దేవానికి ఎవరివో తెలియాలని ఎర్ర పోగు కట్టినాడంట, అందుకని పరీక్ష రద్దు, రెండేండ్లు మళ్ళీ రాయకూడదు. దిద్దేవాడు ఎవరో, ఏ ఊర్లో ఉంటాడో కూడా తెలియని పిల్లవాడు ఆయనకు గుర్తు పెట్టినాడంట. మా నాయన పెద్దయివారి ఇంటికి పోతే గడప లోపలికి రానీకుండానే మాట్లాడినాడు. నేను నాయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. "రూలు రూలేనప్పా. ముడులు మగ్గం మీద వేసుకోమను" అని తలుపు వేసుకున్నాడు. అప్పుడు తగిలింది నాకు, ఆ బల్ల దగ్గర ఆ మనిషి చూసిన చూపు ఏందో.

ఆ ఏడాదంతా నేను ఆయనకు చేయని కీడు లేదు. కాముని పున్నమికి మా వీధి పిల్లలు కాల్చే గడ్డిబొమ్మకు పాత గొడుగు గుడ్డతో నల్లకోటు కుట్టించి, నశ్యం డబ్బా చేతికిచ్చి, మొదటి కొరివి నేనే పెట్టినాను. చేన్ల గట్ల మీద తిరిగి దూలగొండి కాయలు ఏరి, వాటి నూగు గుడ్డలో దులిపి, ప్రార్థన జరిగేటప్పుడు ఆయన కుర్చీ మీద చల్లినాను. ఆ పొద్దు ఆయన భూగోళం చెబుతా చెబుతా గోక్కుని గోక్కుని, కోటు విప్పి, ఆఖరికి బావి దగ్గరికి పరిగెత్తినాడు. పిల్లలు బల్లల కింద దూరి నవ్వినారు. ఎవరు చేసినారో తేలక మొత్తం తరగతిని ఎండలో నిలబెట్టినాడు, ఎండలో నిలబడి నేను హాయిగా ఉన్నాను. కానీ ఇంటికి వచ్చేసరికి ఈరన్న గుంతలో కాళ్ళు పెట్టుకుని అడ్డపోగు నడిపే నాడె విసురుతా ఉండేవాడు. అది చూస్తే నా హాయి అంతా ఇగిరిపోయేది.

రెండేండ్లు గడిచేటప్పటికి నాయనకు చూపు తగ్గింది, మగ్గం అన్న మీద పడింది, ఇక వాడు రాస్తానని అనలేదు, మేము అడగనూ లేదు. ఆ ఏడు రాయాల్సింది నేను. ఆడపిల్లకు ఎందుకని అవ్వ, ఎందుకని వీధి, వాడొక్కడే మొండికేసి నన్ను పంపించినాడు. ఇన్‌స్పెక్టరు చేత మాట పడినాక మా ఇంటివాళ్ళను ఆపడానికి పెద్దయివారు జంకినాడు. బస్సు ఎక్కేముందు నన్ను నిలబెట్టి, పావడ అంచులు, రవికె చేతులు, జడ కుచ్చులు అన్నీ తడిమి, యాడా ఒక రంగు పోగు లేకుండా ఏరేసినాడు. "తెల్లదారం తెగితే అడుగు. తన్నినా అడుగు" అన్నాడు. నేను రాసినాను. మా సెంటరులో నా నంబరే మొదట ఉండింది. మొకం చూడని ఆ పరీక్షే నన్ను గుంతలో నుంచి పైకి లాగింది. అదే మా అన్నను గుంతలోకి తోసింది అని కూడా అంటాను. పరీక్షలు వద్దే వద్దనేవాళ్ళు నా దగ్గరికి వస్తే మా పెద్దయివారి సెలెక్షన్ గురించి చెబుతాను, నంబరు లేని చోట మా వీధి పిల్లలకు ఏం దొరికేదో అడుగుతాను. పరీక్షలే దేవుళ్ళనేవాళ్ళు వస్తే సముద్రతీరంలో సాయంకాలం గురించి, ఒక మూర ఎర్ర పోగు గురించి చెబుతాను. ఇద్దరికీ నా మాట నచ్చదు.

నా నంబరు వచ్చిన పొద్దు పెద్దయివారు పూలదండ పట్టుకుని మా ఇంటికి వచ్చినాడు, మా బడి పిల్ల మా బడి పిల్ల అని. పలక మీద నూటికి నూరు మళ్ళీ రాసుకున్నాడు. కాళ్ళకు దండం పెట్టమని అవ్వ గిల్లినా నేను పెట్టలేదు.

ఇంక చెప్పబోయేది బాల్యం కాదు. కానీ చెప్పకుంటే పైనదంతా సగమే. నేను ట్రైనింగయి, పై చదువులు కూడా చదివి, చానా ఏండ్ల తర్వాత ఆదోనిలోనే ఒక పదో తరగతి పరీక్ష సెంటరుకు చీఫ్ సూపరింటెండెంటుగా పడినాను. మొదటి రోజు గేటు దగ్గర ఒక ముసలాయన కర్ర పట్టుకుని మనవడిని దింపను వచ్చినాడు. పెద్దయివారే. నన్ను గుర్తుపట్టి, నా శిష్యురాలని పక్కవాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాడు. పరీక్ష మొదలైన అరగంటకు నేను గదులు చూస్తా పోతే, ఆ మనవడు ప్రతి కాగితం పైనా ఎర్ర సిరాతో ఆంజనేయస్వామికి దండం రాసి ఉన్నాడు. అది గుర్తు కిందికే వస్తుంది, ఏ పిల్లవాడైనా రాస్తే కొట్టేయమని చెప్పి పోతాము, అంతటితో అయిపోతుంది. ఇంకా రెండు గంటల టైముంది. నేను వాని బల్ల పక్కన నిలబడినాను. వాడు తలెత్తి నన్ను చూసి నవ్వినాడు. నేను ముందుకు నడిచిపోయినాను. సాయంత్రం కట్టలు కట్టేటప్పుడు చీటీ రాసి పెట్టినాను.

ఫలితం ఆగిపోయింది. ముసలాయన కర్ర పొడుచుకుంటా నా గదికి వచ్చినాడు, చిన్నపిల్లోడమ్మా, తెలియక భక్తితో రాసినాడు అని చేతులు జోడించినాడు. ఇరవై ఏండ్లకు పైగా దాచిపెట్టుకున్న మాట నా నోట్లో ఉంది. రూలు రూలే అయివారూ, మా ఈరన్నకు చెప్పినారు గదా అన్నాను. ఆయన అర్థం కాక నా మొకం చూసినాడు. "ఏ ఈరన్నమ్మా?" అన్నాడు. చెప్పినాను, ఎర్ర పోగు, బల్ల, చీటీ, అన్నీ చెప్పినాను. ఆయనకు ఏదీ గుర్తు లేదు. నటన కాదు, నిజంగానే లేదు.

అయినా ఆ ఆదివారం మిఠాయి కొనుక్కుని ఎమ్మిగనూరు పోయినాను. ఈరన్న మగ్గం మీద ఉన్నాడు. పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పినాను, నీ పగ తీర్చేసి వచ్చినానన్నా అన్నాను. వాడు మగ్గం ఆపినాడు. మిఠాయి ముట్టుకోలేదు.

"వాని నంబరు ఎంత సుంకీ?" అన్నాడు.

నంబరుతో నీకేం పని అన్నాను.

"నా నంబరు నాకు ఈ పొద్దుటికీ నోటికొస్తాది. మగ్గం మీద కూసున్నప్పుడల్లా వస్తాది. వానికీ అట్లే వస్తాది గదా, నీకైనా తెలిసుండాల" అన్నాడు, మళ్ళీ నాడె పట్టుకున్నాడు. తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఈరన్న లేడు. మా వీధిలో మగ్గాల చప్పుడు లేదు, గుంతలు పూడ్చి బండలు పరిచినారు, పొద్దున్నే పడుగులు సాగదీసే చోట మోటారు సైకిళ్ళు నిలబెడుతున్నారు. గంజి వాసన ఎట్లుంటుందో మా మనవరాండ్లకు చెప్పి నమ్మించలేను. ప్రశ్నపత్రాల సంచులకు లక్క కూడా వేయడం లేదంట, ఏదో ప్లాస్టిక్కు అతికిస్తారంట. పెద్దయివారు ఎప్పుడో పోయినాడు, ఆయన్ని నేను క్షమించలేదు, ఇక క్షమించేది కూడా లేదు. ఆ మనవడు మళ్ళీ రాయలేదని విన్నాను. పత్తి మార్కెట్టు దగ్గర సైకిలు షాపు పెట్టుకున్నాడు, ఇప్పుడు వానికీ తల నెరిసింది. ఇప్పుడు నేనుండే ఈ ఆదోని ఇంటి నుంచి బస్టాండుకు ఆ షాపు ముందర నుంచి పోతే నాలుగు అడుగులు. నేను మోకాళ్ళు నొచ్చినా వెనక సందులో నుంచి చుట్టు తిరిగి పోతాను.